మూడో నంబరు డబ్బా

నా కంప్యూటర్ పనిచేయడం వల్ల మా వెలగలదిన్నె చెరువుగట్ల పర్యవేక్షణ కార్యాలయానికి వచ్చిన షీల్డు ప్రమాదంలో పడింది. ఇందులో నా తప్పు ఎంతవరకు ఉందో చెప్పాలంటే ముందు డబ్బా సంగతి చెప్పాలి.

నేను కంప్యూటర్‌ని దుకాణంలో కొనలేదు. బోర్డు, మెమరీ, పవర్ సప్లై అన్నీ విడివిడిగా తెప్పించుకుని సొంతంగా కూర్చుకున్నాను. అవన్నీ కొనేసరికి వాటిని పెట్టుకోవడానికి డబ్బా కొనే ఓపిక మిగల్లేదు. మస్తాన్ గారి పాత ఇనుము కొట్టులో ఒకటి కనబడింది. ఇరవై ఏళ్ల నాటిది. మందపాటి రేకు, ఒకప్పుడు తెల్లగా ఉండి ఇప్పుడు పాలకోవా రంగుకు వచ్చింది. ముందువైపు అరచేయంత తెల్ల ఎనామెల్ పెయింటుతో 3 అని రాసి ఉంది. ఆ మూడు చుట్టూ ఏటేటా ఆయుధపూజకు పెట్టిన కుంకుమబొట్లు. మస్తాన్ గారు దాన్ని తూకం వేసి ఇచ్చారు. లోపల మూడు గుండుసూదులు, ఎవరిదో పెళ్లిపత్రిక, రెండు బల్లిగుడ్లు ఉన్నాయి. పెళ్లి అయిపోయి పదకొండేళ్లయింది.

కడిగి, మేడమీద ఎండబెట్టి, కొత్త బోర్డు తెచ్చి చూస్తే స్క్రూల చిల్లులు సరిగ్గా సరిపోయాయి. ఇన్నేళ్లయినా ఆ కొలతలు మారలేదు. మా నాన్న బాలస్వామి టైలరు. ఈ సంగతి విని ఆయన చాలాసేపు ఆ చిల్లుల్ని చూస్తూ కూర్చున్నాడు.

"మనుషులే సంక్రాంతికి ఒక కొలత, ఉగాదికి ఒక కొలత," అన్నాడు.

వెనకాల వైర్లు వచ్చే కిటికీ మాత్రం కుదర్లేదు. నాన్న ఎవర్నీ ముట్టుకోనివ్వని కత్తెరతో తనే కొబ్బరినూనె డబ్బా రేకు కత్తిరించి బిగించాడు. మీట నొక్కాను. ఫ్యాను తిరిగింది. ముందు పచ్చ లైటు వెలిగింది. కంప్యూటర్ మొత్తంలో డబ్బాతోపాటు వచ్చిన పాత వస్తువులు రెండే, ఆ మీట, ఆ లైటు. తర్వాతి గొడవంతా ఆ లైటు దగ్గరే మొదలైంది.

మూడు అంకె చెరిపేద్దామా అంటే నాన్న వద్దన్నాడు. ప్రభుత్వ రాత గట్టిగా ఉంటుందని ఆయన నమ్మకం.

కంప్యూటర్‌ని మా కుట్టు కొట్టులోనే ఒక మూల పెట్టుకున్నాను. హైస్కూలు పెద్ద టీచరమ్మ లూర్దుమేరి గారు త్రైమాసిక పరీక్షల ప్రశ్నపత్రాలు టైపు చేసే పని నాకిచ్చారు. "ఈ పరీక్షలు సక్రమంగా జరిగితే ఏడాది పొడుగునా పని నీదే మణిమాలా. జరక్కపోతే మళ్లీ అడగకు," అన్నారు. ఆవిడ ఏదైనా రెండు వాక్యాల్లోనే చెబుతారు. సోమవారం తెలుగు పరీక్ష బాగా జరిగింది. శుక్రవారం లెక్కలు.

మంగళవారం సాయంత్రం చెరువుగట్ల కార్యాలయం సూపరింటెండెంటు కృపానందం గారు మా కొట్టుకు ఒక ప్యాంటు తెచ్చారు.

అప్పటికి ఆయన పేరు జిల్లా అంతా మారుమోగుతోంది. జిల్లా వారు 'పనికిరాని వస్తువుల పక్షోత్సవం' పెట్టారు. పదిహేను రోజుల్లో ఏ కార్యాలయం ఎక్కువ వస్తువుల్ని పనికిరానివని ధ్రువీకరించి వదిలించుకుంటే దానికి షీల్డు. కృపానందం గారు మొదట విరిగిన కుర్చీల్ని, చచ్చిపోయిన కంప్యూటర్లని ధ్రువీకరించారు. పక్క మండలం వాళ్లు ముందున్నారని తెలిసి మంచి కుర్చీల్ని కూడా ధ్రువీకరించారు. తర్వాత బల్లలు, ఫ్యాన్లు, పనిచేస్తున్న ఒకే ఒక్క కంప్యూటర్, చివరి రోజు మంచినీళ్ల కుండ మీద మూత. షీల్డు వచ్చింది. పెట్టడానికి బల్ల లేక మొదటి కిటికీలో పెట్టారు. సిబ్బంది ముగ్గురూ మిగతా మూడు కిటికీల దగ్గర నిలబడి పనిచేస్తున్నారు.

అందుకే కృపానందం గారు మా స్టూలు మీద కూర్చోగానే ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు.

"నడుము రెండంగుళాలు వదులు చెయ్యి బాలస్వామీ. శనివారం జిల్లా కేంద్రంలో నాకు సన్మానం. వంగి శాలువా కప్పించుకోవాలి."

"వంగాలంటే రెండున్నర చేద్దాం సార్," అన్నాడు నాన్న. ఒక చీటీ మీద రెండు చోట్ల నంబరు వేసి, సగం చింపి ప్యాంటుకు గుచ్చి, మిగతా సగం ఆయన చేతికిచ్చాడు.

ఆయన చీటీ చూసుకున్నారు. 3. తల ఎత్తారు. ఎదురుగా నా డబ్బా మీద 3.

"ఇది మా మూడు," అన్నారు.

"అవును సార్. మస్తాన్ గారి కొట్టులో కొన్నాను," అన్నాను.

"లైటు వెలుగుతోంది."

"వెలుగుతోంది సార్."

"వెలగకూడదే," అన్నారాయన. కోపంగా అనలేదు. పోయిన మనిషి బజార్లో ఎదురైతే ఎలా అంటారో అలా అన్నారు. తర్వాత లేచి నిలబడి, కంఠతా వచ్చిన ధ్రువపత్రం చెప్పారు. "సదరు కంప్యూటర్ నంబరు మూడు ఏ విధముగానూ పనికిరాదనియు, ఇకముందు ఏ కాలమందునూ పనిచేయజాలదనియు కమిటీ వారు ఏకగ్రీవముగా నిర్ధారించడమైనది. కింద సంతకం నాది."

"లోపలున్నదంతా కొత్తది సార్. డబ్బా ఒక్కటే పాతది."

"అమ్మాయ్, రిజిస్టరులో లోపల అనే గడి లేదు. వస్తువు పేరు, నంబరు, స్థితి. అంతే. నంబరు మూడు. స్థితి పనికిరానిది."

"కానీ కొనుక్కున్నాం కదా సార్," అన్నాడు నాన్న.

"ఎవరు కాదన్నారు? వస్తువు మీదే. పనిచేయడం మాత్రం మీది కాదు." ఆయన మళ్లీ కూర్చుని చెమట తుడుచుకున్నారు. "పక్షోత్సవంలో పనికిరానివన్న వాటిలో ఒక్కటి పనిచేసినా షీల్డు వెనక్కి. ఏదీ పనిచేయడం లేదని గురువారం సాయంత్రం ఐదులోగా జిల్లాకు రాసివ్వాలి. రేపు కమిటీ వస్తుంది. అప్పటిదాకా దాన్ని అలాగే ఉంచు. చెడగొట్టొద్దు. చెడగొడితే అంతవరకు పనిచేసినట్టు అవుతుంది."

బుధవారం కమిటీ వచ్చింది. నిబంధన ప్రకారం కమిటీలో ముగ్గురుండాలి. ఆ ఆఫీసులో ఉన్నది ముగ్గురే కాబట్టి కృపానందం గారు అధ్యక్షులు, గుమాస్తా పరంజ్యోతి గారు సభ్యులు, అటెండరు యల్లమంద గారు సాంకేతిక నిపుణులు. యల్లమంద గారికి యాభై ఎనిమిదేళ్లు. పదకొండేళ్లపాటు ఆ డబ్బాకి కుంకుమబొట్టు పెట్టింది ఆయనే.

ముగ్గురికీ నాన్న కూర్చోడానికి స్టూళ్లు వేశాడు. తనిఖీ మూడు గంటలు జరగడానికి అదొక కారణం.

"యంత్రాన్ని పరీక్షించవలసిందిగా కమిటీ కోరుతోంది," అన్నారు కృపానందం గారు.

పరంజ్యోతి గారు ఆలోచించి, రెండూ రెండూ ఎంతో అడగమన్నారు. కొట్టాను. తెర మీద నాలుగు వచ్చింది. ముగ్గురూ కాసేపు దాన్ని చూశారు.

"నాలుగు అని నాకు ముందే తెలుసు," అన్నారు కృపానందం గారు. "మీకు?"

"తెలుసు సార్," అన్నారు పరంజ్యోతి గారు.

"నాకూ తెలుసండి," అన్నారు యల్లమంద గారు.

"ముగ్గురికీ తెలిసినదాన్ని చెప్పడం పని ఎలా అవుతుంది? రాసుకోండి. యంత్రము నాలుగు అను అంకెను చూపినది. అయితే సదరు అంకె కమిటీ వారికి ముందే తెలిసియున్నందున దీనిని పనిగా పరిగణించజాలము."

తర్వాత పరంజ్యోతి గారు తన పేరు కొట్టమన్నారు. కొట్టాను. కొంచెం పెద్ద అక్షరాలు అన్నారు. చుట్టూ పూలు పడతాయా అన్నారు. పడ్డాయి. ఇంటి గుమ్మానికి అంటించుకుంటాను, ఒక కాగితం తీసివ్వమ్మా అన్నారు. తీసిచ్చాను. ఆయన దాన్ని గొట్టంలా చుట్టి జాగ్రత్తగా సంచిలో పెట్టుకుని, మినిట్స్‌లో 'రెండవ పరీక్షలోనూ ఎట్టి ప్రయోజనమూ కనబడలేదు' అని రాశారు.

నాన్న కత్తెర పక్కన పెట్టాడు. "ఏమండీ సార్, మీ ప్యాంటు నడుము నేను మార్చాను. పోయినేడు జిప్పు మార్చాను. అంతకుముందు జేబులు మార్చాను. ఇప్పుడది పాత ప్యాంటా, కొత్త ప్యాంటా?"

"చీటీ నంబరు ఉందా?"

"ఉంది."

"అయితే ఆ నంబరు ప్యాంటే. చాలా తేలిక బాలస్వామీ. మీరు అనవసరంగా లోపలికి చూస్తున్నారు."

ఆ సాయంత్రం నాకు ఒక ఉత్తర్వు వచ్చింది. చేత్తో రాసింది. వాళ్లకి కంప్యూటర్ లేదు కదా. 'సదరు యంత్రము నుండి పుట్టిన కాగితములన్నియు పుట్టనట్లే భావించవలెను. శుక్రవారం ఉదయం యంత్రపు మీటపై లక్కతో సీలు వేయబడును.' దాని నకలు హైస్కూలుకు కూడా పంపారు. ఉత్తర్వు పట్టుకెళ్లిన యల్లమంద గారు దారిలో ముగ్గురికి చదివి వినిపించారట.

గురువారం ఉదయానికి ఆ వార్త ఎనిమిదో తరగతిలో పడింది. తెలుగులో తప్పిన పద్నాలుగు మంది సంతకాలతో ఒక అర్జీ తయారైంది. ప్రశ్నపత్రం పుట్టలేదు కాబట్టి తాము తప్పలేదని, రేపటి లెక్కల ప్రశ్నపత్రం కూడా పుట్టబోదు కాబట్టి తాము ఊరికి వెళ్లవచ్చా అని. తొంభైరెండు మార్కులు వచ్చిన పిల్ల తల్లి వేరే అర్జీ తెచ్చింది. ప్రశ్నపత్రం పుట్టలేదేమో గాని మా పిల్ల జవాబులు పుట్టాయి అని.

నేను లెక్కల ప్రశ్నపత్రం పూర్తిచేసి, ప్రింటు తీయకుండా కూర్చున్నాను. తీసినా పుట్టదు. తీయకపోతే రేపు పరీక్ష లేదు. పరీక్ష జరక్కపోతే మళ్లీ అడగకు అన్నారు టీచరమ్మ. నేను మాట్లాడటం తక్కువ. అలాంటివాళ్లకి చేతిలో ఉన్న పని ఒక్కటి పోతే, ఇంకో పని అడగడానికి మళ్లీ ఏడాది పడుతుంది.

మధ్యాహ్నం నాలుగింటికి కృపానందం గారు, పరంజ్యోతి గారు, యల్లమంద గారు వేగంగా వచ్చారు. వచ్చి ముందు కూర్చున్నారు.

"అమ్మాయ్, చిన్న ఇబ్బంది," అన్నారు కృపానందం గారు. "మూడో నంబరు కంప్యూటర్ పనిచేయదని జిల్లాకు తుది ధ్రువపత్రం పంపాలి. చేతిరాత తీసుకోరట. కంప్యూటర్‌లోనే ఫారం నింపి పంపాలట. ఐదింటిలోగా."

"మీ ఆఫీసులో..." అన్నాను.

"మా ఆఫీసులో కంప్యూటర్ పనికిరాదు."

"అది బాగానే పనిచేసేదండి," అన్నారు యల్లమంద గారు.

"ధ్రువీకరించాక పనికిరాదు. పట్నం బస్సు మూడున్నరకే వెళ్లిపోయింది. ఊళ్లో కంప్యూటర్ అంటే ఇదొక్కటే." ఆయన నా డబ్బా వైపు చూడకుండా దాన్ని చూపించారు. "కొంచెం టైపు చేసి పెట్టు తల్లీ."

సరేనన్నాను. ఆయన లేచి నిలబడి చెబుతుంటే కొట్టాను. "కంప్యూటర్ నంబరు మూడు. కమిటీ వారు ప్రత్యక్షముగా పరీక్షించగా, ఒక్క అక్షరమైనను టైపు చేయు శక్తి దీనికి లేదని తేలినది." అక్షరాలు ఒక్కొక్కటే తెర మీదకి వస్తుంటే పరంజ్యోతి గారు వెనకాల నిలబడి 'అక్షరమైనను'లో ఒత్తు సరిచూశారు.

అప్పుడే లూర్దుమేరి గారు వచ్చారు. చేతిలో రెండు అర్జీలు. ఆవిడ తెర మీద ఉన్నది మొత్తం చదివారు.

"కృపానందం గారూ, ఇది దేని మీద కొడుతున్నారు?"

ఆయన తెరకు అడ్డంగా జరిగారు.

"రేపు పొద్దున్న తొమ్మిదిన్నరకి మూడొందల పన్నెండు మంది పిల్లలు కూర్చుంటారు. వాళ్లకి నేను ఏమివ్వాలో మీరే చెప్పండి."

"మేడమ్, నిబంధన..."

"సార్," అన్నాను నేను. అందరూ నావైపు తిరిగారు. నాకది అలవాటు లేదు. "ఫారంలో ఆఖరు గడి ఒకటి మిగిలింది. 'ఈ ధ్రువపత్రం తయారుచేసిన కంప్యూటర్ నంబరు' అని ఉంది. అది నింపకపోతే ఫారం కదలదు. ఏమని కొట్టను?"

కొట్టులో నాన్న మిషను కూడా ఆగిపోయింది.

కృపానందం గారు వేళ్ల మీద ఏదో లెక్కపెట్టారు. "మూడు అని కొడితే, ఈ కాగితం మూడో నంబరు నుంచి పుట్టింది."

"అవును సార్."

"అంటే పుట్టలేదు."

"మీ ఉత్తర్వు ప్రకారం పుట్టలేదు సార్."

"పుట్టకపోతే మూడో నంబరు పనిచేయదని మేం చెప్పలేదు."

"అవును సార్."

"పుట్టిందంటే మూడో నంబరు పనిచేసింది." ఆయన స్టూలు మీద కూలబడ్డారు. "పరంజ్యోతీ, రెండు అని వేద్దామా?"

"రెండు కూడా పనికిరాదని ఇచ్చాం సార్. ఒకటి కూడా."

టైము నాలుగూ నలభై. ఆయన ముఖం చూస్తే నాకే జాలేసింది. షీల్డు కోసం కాదు. ఆయన నిజంగా నమ్మిన మనిషి. రిజిస్టరులో రాసినట్టు లోకం ఉండకపోతే ఆయనకు నిద్ర పట్టదు.

ఇంతలో కిరసనాయిలు వాసన వచ్చింది. చూస్తే యల్లమంద గారు నేలమీద గొంతుక్కూర్చుని, నాన్న మిషను తుడుచుకునే గుడ్డతో డబ్బా ముందు భాగం రుద్దుతున్నారు. కుంకుమ పోయింది. తెల్ల పెయింటు సగం పోయింది.

"ఏం చేస్తున్నావయ్యా?" అన్నారు కృపానందం గారు.

"నంబరు తీసేస్తున్నానండి. ఇది లేకపోతే గొడవే లేదు కదండి."

"మరి మొదటిరోజే చెప్పొచ్చుగా."

"నన్ను సాంకేతిక నిపుణుడన్నారు గానీ ఎవరూ అడగలేదండి."

నేను అనుకున్నాను, ఇక అయిపోయిందని. కృపానందం గారిని నేను తక్కువగా అంచనా వేశాను. ఆయన లేచి నిలబడ్డారు. ముఖంలో వెలుగు వచ్చింది.

"అలా తుడిచేస్తే కుదరదు. ప్రభుత్వ నంబరును ధ్రువపత్రం లేకుండా తొలగించరాదు. అయితే," అని ఆగారు. "పనికిరానిది కంప్యూటర్ కాదు. నంబరు. ఇన్నాళ్లూ మనం వస్తువుని చూసి మోసపోయాం. గొడవంతా తెచ్చింది ఏది? మూడు. కొట్టమ్మా. మూడు అను నంబరు ఏ విధముగానూ పనికిరాదనియు, ఇకముందు ఏ కాలమందునూ, ఎచ్చటనూ, ఎవరి చేతనూ వాడబడరాదనియు కమిటీ వారు ఏకగ్రీవముగా నిర్ధారించడమైనది."

"ఆఖరు గడి సార్?"

ఆయన డబ్బా వైపు చూశారు. యల్లమంద గారు ఆఖరి తెల్లగీత తుడిచేశారు.

"నంబరు లేదు," అన్నారు గర్వంగా.

నాలుగూ యాభై ఎనిమిదికి ఫారం వెళ్లింది. లూర్దుమేరి గారు నా భుజం మీద చెయ్యివేసి, "నంబరు లేని కంప్యూటర్‌లో పుట్టిన కాగితాల మీద ఏ ఉత్తర్వూ లేదు కదా కృపానందం గారూ?" అన్నారు. లేదన్నారాయన. ప్రింటు తీశాను. కాగితాలు వెచ్చగా ఉన్నాయి. ఆవిడ ఒకటి తీసుకుని చదివి, కింద ఉన్న మార్కుల మొత్తం సరిచూసి, "అర్ధ సంవత్సర పరీక్షలకి ముందుగా చెబుతాను. తయారుగా ఉండు," అన్నారు. రెండు వాక్యాలే.

శుక్రవారం లెక్కల పరీక్ష జరిగింది. పద్నాలుగు మందీ మళ్లీ తప్పారని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం కృపానందం గారు ప్యాంటు కోసం వచ్చారు. చాలా సంతోషంగా ఉన్నారు. ఒక అంకెను పనికిరానిదని ధ్రువీకరించిన కార్యాలయం రాష్ట్రంలో ఇంతవరకు లేదట, జిల్లా వారు ప్రత్యేకంగా మెచ్చుకున్నారట. రేపు సన్మానంలో ఆ సంగతి కూడా చదువుతారట. ఆఫీసులో ఫైలు రెండో కిటికీ నుంచి నేరుగా నాలుగో కిటికీకి వెళుతోందని, చాలా సమయం ఆదా అవుతోందని చెప్పి చీటీ నాన్న చేతికిచ్చారు.

నాన్న కళ్లజోడు పెట్టుకుని చీటీ చూశాడు. అటు తిప్పి చూశాడు. తిరిగి ఇచ్చేశాడు.

"ఇది మూడు సార్."

"అవును."

"మూడు ఎచ్చటనూ, ఎవరి చేతనూ వాడబడరాదని నిన్న ఈ స్టూలు పక్కనే నిలబడి చెప్పారు."

"ప్యాంటు అదిగో, కనబడుతూనే ఉందిగా బాలస్వామీ. నీలం రంగుది."

"కనబడుతోంది సార్. కానీ నా చీటీ మీద ప్యాంటు అనే మాట లేదు. నంబరే ఉంది."

"నాన్నా, ఇచ్చెయ్," అన్నాను నేను మెల్లగా.

కృపానందం గారు చెయ్యి ఎత్తి నన్ను ఆపారు. చీటీని, కొక్కానికి వేలాడుతున్న ప్యాంటుని, మళ్లీ చీటీని చూశారు. ఎదురు చెబుతారనుకున్నాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నీలాంటి మనిషి మా ఆఫీసులో ఉండాల్సింది బాలస్వామీ," అన్నారు.

శనివారం ఆయన పంచె కట్టుకుని సన్మానానికి వెళ్లారు. వంగడానికి అదే హాయిగా ఉందట. సన్మానం ఫొటో కింద పేరు, హోదా నా కంప్యూటర్ మీదే కొట్టించుకున్నారు.

పై వారం చెరువుగట్ల కమిటీ మా కొట్టుకు మళ్లీ వచ్చి, మూడు గంటలు కూర్చుని, సదరు ప్యాంటు ఏ విధముగానూ పనికిరాదని ధ్రువీకరించింది. పద్ధతి ప్రకారం దాన్ని మస్తాన్ గారి కొట్టుకు తూకానికి వేశారు. నేను వెళ్లి కొనుక్కొచ్చాను. మంచి గుడ్డ. నాన్న కుట్లు విప్పి, కొలత తీసి, డబ్బాకి దుమ్ము పడకుండా ముసుగు కుట్టాడు. నడుం దగ్గర మాత్రం రెండున్నర అంగుళాలు వదులుగా ఉంది.